ఎండ తగలని మొక్క

ప్రతి ఏటా జూన్ నెలాఖరులో, మన వైపు తొలకరి పడి దుక్కులు మొదలయ్యే రోజుల్లో, అమెరికాలో ఒక తంతు జరుగుతుంది. దాని పేరు డ్రాఫ్ట్. ఎన్.బి.ఏ. అనే బాస్కెట్‌బాల్ లీగులోని 30 జట్లూ వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఏరుకుంటాయి. రెండు విడతలు, మొత్తం 60 మంది. మన ఐ.పి.ఎల్. లాగా డబ్బుతో వేలం పాడుకోవడం వుండదు. ముందటి ఏడాది చతికిలబడ్డ జట్లు లాటరీ తీసుకుని ముందు వరుసలో నిలబడతాయి, బాగా ఆడిన జట్లు వెనక నిలబడతాయి. వంతు మార్చుకోవాలంటే పక్క జట్టుతో బేరమాడుకోవాలి. రైతుబజారులో కూరగాయలు ఏరినట్టు మనుషుల్ని ఏరడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది.

బి.జెడ్.సి. చదివే పల్లెటూరి వాడికి అమెరికా ఆటతో ఏం పని అని మన సావనీరు సంపాదకవర్గం వారు అడగనే అడిగారు. పని వుంది. నేను మన కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో వున్నాను. వున్నానంటే బెంచీ మీద వున్నాను. కోర్టులో పరుగెత్తేవాడికి బంతి కనిపిస్తుంది, బెంచీ మీద కూర్చున్నవాడికి ఆటంతా కనిపిస్తుంది. పైగా హాస్టల్లో తెల్లవారుజామున ఐదున్నరకి లేచి ఫోనులో ఎన్.బి.ఏ. చూసే జబ్బు కూడా నాకు వుంది. మా రూమ్మేటు దాన్ని ధ్యానం అనుకుని మొదట్లో గౌరవించేవాడు.

మాది నూజివీడు దగ్గర మెట్ట పల్లె. నాలుగెకరాల మామిడి తోట మాకు ఆధారం. అంటు మొక్క నాటితే మూడో ఏటికే పూత పూస్తుంది. ఆ పూతని మా నాన్న కనికరం లేకుండా తుంచేసేవాడు. చిన్నప్పుడు నాకు ఏడుపొచ్చేది. "ఇప్పుడే కాయ మోస్తే కొమ్మ ఎప్పుడు బలుస్తుందిరా?" అనేవాడు. సరైన కాపుకొచ్చేసరికి ఐదారేళ్ళు పడుతుంది. ఈ లోపల ఇల్లు గడవాలి కదా! అందుకని మొక్కల వరుసల మధ్య వేరుసెనగో, మినుమో, పెసరో వేస్తాం. ఆ అంతరపంట మమ్మల్ని బతికిస్తే మామిడి నింపాదిగా పెరుగుతుంది. విదేశీ ఆటగాళ్ళను ఎన్.బి.ఏ. జట్లు ఎలా ఎంచి, ఎలా పెంచుతాయో చదువుతున్నకొద్దీ నాకు మా తోటే గుర్తుకొస్తూ వచ్చింది.

అమెరికా బయటి కుర్రాడికి ఒక నియమం వుంది. అతనికి 22 ఏళ్ళు నిండే సంవత్సరంలో, తను పేరిచ్చినా ఇవ్వకపోయినా డ్రాఫ్టులో వున్నట్టే లెక్క. అంతకంటే ముందే రావాలంటే పేరు నమోదు చేసుకోవాలి. 2006 నుంచి ఎవరికైనా ఆ ఏడాదికి 19 అయినా నిండాలి. ఇక అసలు కిటుకు ఏమిటంటే, ఎంచుకున్న జట్టుకు వెంటనే దక్కేది మనిషి కాదు, హక్కు. ఆ కుర్రాడు ఎన్.బి.ఏ.లో ఆడదలిస్తే తమ జట్టుతోనే మాట్లాడాలి అనే హక్కు. కుర్రాడు తన దేశంలోనే వుండి, అక్కడి క్లబ్బు జీతం తింటూ, అక్కడి కోచ్ చేత తిట్లు తింటూ ఆడుకోవచ్చు. ఇక్కడి జట్టు ఎదురుచూస్తూ వుంటుంది. ఆ హక్కును మధ్యలో ఇంకో జట్టుకు ఇచ్చేయవచ్చు కూడా. అర్జెంటీనా వాడు లూయిస్ స్కోలాని 2002లో సాన్ ఆంటోనియో స్పర్స్ ఎంచుకుంటే, ఐదేళ్ళు స్పెయిన్‌లో ఆడి, 2007లో అతను దిగింది హ్యూస్టన్ జట్టులో! మొక్క ఒకరు బయానా ఇచ్చి పెట్టుకుంటే కాయలు ఇంకొకరు కోసుకున్నారు.

ఈ ఎదురుచూడడంలో ఆరితేరినది ఆ స్పర్స్ జట్టే. 1999 డ్రాఫ్టులో మొత్తం 58 మందిని ఎంచుకుంటే, 57వ వాడుగా మను జినోబిలిని తీసుకున్నారు. అర్జెంటీనాలో బాహియా బ్లాంకా అనే వూరివాడు. అప్పటికి ఇటలీలో ఆడుతున్నాడు. ఎన్నికయ్యాక కూడా మూడేళ్ళు అక్కడే ఆడాడు. 2001లో బొలోనా జట్టుతో యూరోలీగ్ గెలిచాడు, ఫైనల్లో శ్రేష్ఠుడిగా నిలిచాడు. 2002 ప్రపంచ పోటీల్లో అర్జెంటీనా వాళ్ళు అమెరికా జట్టును అమెరికా గడ్డ మీదే ఓడించారు. ఆ జట్టులోనూ వున్నాడు. అప్పుడు, 25 ఏళ్ళ వయసులో, స్పర్స్‌లో అడుగుపెట్టాడు. 2003, 2005, 2007, 2014లలో నాలుగు ఛాంపియన్‌షిప్పులు. మధ్యలో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో దేశానికి బంగారు పతకం. 2022లో హాల్ ఆఫ్ ఫేమ్.

ఈ కథ చెప్పేవాళ్ళంతా స్పర్స్ వారి కన్ను ఎంత గొప్పదో చెబుతారు. కన్ను గొప్పదే, కాదనను. కానీ నాకు ఇంకో సంగతి కనిపిస్తుంది. 1999లో స్పర్స్ అప్పుడే ఛాంపియన్‌షిప్పు గెలిచి వున్నారు. టిమ్ డంకన్ అనే మహావృక్షం వాళ్ళ చేతిలో వుంది. గాదె నిండా ధాన్యం వున్నవాడు కాపు కోసం మూడేళ్ళయినా ఆగుతాడు. ఆ మూడేళ్ళూ జినోబిలికి తిండి పెట్టినవాళ్ళు, ఓడిపోయే ఆటల్లో కూడా కోర్టులో నిలబెట్టినవాళ్ళు ఇటలీ వాళ్ళు. స్పర్స్‌కి ఎదురుచూడడం వల్ల చేతి డబ్బు పోలేదు.

పరాయి చేలో పెరగనివ్వడం ఎప్పుడూ ఇంత చక్కగా జరగదు. 1986లో పోర్ట్‌లాండ్ జట్టు ఒకే రోజు ఇద్దరు యూరపు వాళ్ళను ఎంచుకుంది. 24వ వాడు లిథువేనియాకు చెందిన ఆర్విడాస్ సబోనిస్. 60వ వాడు యుగోస్లావియాకు చెందిన డ్రాజెన్ పెట్రోవిచ్. సబోనిస్ ఏడడుగుల పైనుండే మనిషి, అయినా బంతిని చిన్నవాళ్ళంత నాజూగ్గా అందించేవాడట. అప్పుడు సోవియట్ యూనియన్ వుంది. పంపలేదు. విశ్రాంతి లేకుండా ఆడించారు, మడమ పైనుండే స్నాయువు రెండుసార్లు తెగింది. 1988లో పోర్ట్‌లాండ్ వాళ్ళే తమ డాక్టర్ల దగ్గరికి పిలిపించి బాగుచేయిస్తే, ఆ కాళ్ళతోనే సియోల్ వెళ్ళి ఒలింపిక్స్ సెమీఫైనల్లో అమెరికాను ఓడించి బంగారు పతకం పట్టుకుపోయాడు! చివరికి అతను పోర్ట్‌లాండ్ చేరింది 1995లో, 30 ఏళ్ళు నిండాక. అప్పటికీ బాగానే ఆడాడు. కానీ పరుగు పోయింది. చెట్టు వచ్చింది గాని, మంచి కాపు కాసిన తొమ్మిదేళ్ళు వేరేవాళ్ళ చేలో రాలిపోయాయి.

పెట్రోవిచ్ సంగతి దీనికి తిరగబడి వుంటుంది. 1989లో వచ్చాడు. యూరపులో అతను రాజు. పోర్ట్‌లాండ్‌లో అప్పటికే పెద్ద ఆటగాళ్ళు వుండడంతో తొలి ఏడాది ఆటకు పన్నెండు నిమిషాల చిల్లర మాత్రం దొరికింది. 1991 జనవరిలో న్యూజెర్సీకి మార్చారు. అది ఓడిపోయే జట్టు, అంటే చోటున్న జట్టు. 1992-93లో అక్కడ ఆటకు సగటున 22 పాయింట్లు దాటి కొట్టాడు. అదే మనిషి, అవే చేతులు. 1993 జూన్‌లో జర్మనీలో కారు ప్రమాదంలో పోయాడు. 28 ఏళ్ళు.

ఇక్కడ మా బోటనీ క్లాసు గుర్తొస్తుంది. చీకట్లో మొలిచిన మొక్క పొడుగ్గా సాగుతుంది, పాలిపోతుంది, కాండానికి బలం వుండదు. దాన్ని ఇటియోలేషన్ అంటారు. చూడడానికి ఎండలో పెరిగిన దానికంటే ఎత్తుగా వుంటుంది. తెలియనివాడు అదే బాగా పెరిగిందనుకుంటాడు. మా మాస్టారు ఈ పాఠం చెబుతున్నప్పుడు ఎందుకో నావైపు చూశారు. నా ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు లెండి.

ఎన్.బి.ఏ. చరిత్రలో దీనికి ఉదాహరణ కావాలంటే డార్కో మిలిచిచ్. సెర్బియా కుర్రాడు, ఏడడుగులవాడు. 2003 డ్రాఫ్టులో రెండవ వాడుగా డెట్రాయిట్ జట్టు ఎంచుకుంది. అప్పటికి 18 ఏళ్ళు నిండి వారమైనా కాలేదు. అతని వెనక ఎంపికైనవాళ్ళు కార్మెలో ఆంథోనీ, క్రిస్ బాష్, డ్వెయిన్ వేడ్. డెట్రాయిట్‌ది కూడా నిండు గాదే. మరుసటి ఏడు, 2004లో, ఛాంపియన్‌షిప్పు కొట్టిన జట్టు. కానీ వాళ్ళు ఆ కుర్రాణ్ణి యూరపులో వుంచి పెరగనివ్వలేదు. తెచ్చి, తమ చెట్ల నీడలో నాటారు. 82 ఆటలుండే సీజన్లో తొలి ఏడు 34 ఆటల్లో దిగాడు. ఆట 48 నిమిషాలైతే అతనికి దక్కింది సగటున ఐదు నిమిషాల లోపు. 2006లో ఓర్లాండోకి పంపేశారు. ఆ తరవాత జట్టు నుంచి జట్టుకి తిరిగాడు. నిలదొక్కుకోలేదు. ఈనాటికీ "డ్రాఫ్టులో జరిగిన పెద్ద పొరపాటు" అనగానే అతని పేరే చెబుతారు. పొరపాటు ఎంచుకోవడంలో వుందా, నాటడంలో వుందా? జినోబిలిని 1999లోనే తెచ్చి స్పర్స్ బెంచీ మీద కూర్చోబెట్టి వుంటే ఏమయ్యేవాడు? జవాబు ఎవరికీ దొరకదు. మా తోటలో కూడా ఎండిపోయిన ప్రతి మొక్కకీ నర్సరీ వాణ్ణి తిట్టడం మామూలే.

మరి బీద జట్లలో పడ్డవాళ్ళ మాటేమిటి? చిత్రమేమిటంటే కొందరికి అదే అదృష్టమైంది. జర్మనీలో రెండో తరగతి జట్టులో ఆడే డిర్క్ నోవిట్స్కీని 1998లో మిల్వాకీ తొమ్మిదవ వాడుగా ఎంచి, అదే రోజు డల్లాస్‌కి ఇచ్చేసింది. తొలి ఏడు ఆటకు 8 పాయింట్లే. డల్లాస్ ఆ ఏడాది ఆడిన 50 ఆటల్లో 31 ఓడింది. ఓడేవాళ్ళకి పోయేదేముంది? కుర్రాణ్ణి ఆడనిచ్చారు. జర్మనీలో అతనికి నేర్పిన గురువు హోల్గర్ గెష్విండ్నర్ చేత తరవాత కూడా నేర్చుకోనిచ్చారు. 2007లో లీగ్ అత్యుత్తమ ఆటగాడు, 2011లో డల్లాస్‌కి ఛాంపియన్‌షిప్పు, ఒకే జట్టులో 21 సీజన్లు. గ్రీసులో రెండో డివిజన్ ఆడే యానిస్ ఆంటెటోకుంపోని 2013లో 15వ వాడుగా తీసుకున్న మిల్వాకీ కూడా ఆ ఏడాది 15 గెలిచి 67 ఓడింది. అంత దరిద్రపు సీజన్లో ఆ 19 ఏళ్ళవాడు 77 ఆటలు ఆడాడు. ఎనిమిదేళ్ళకి, 2021లో, ఛాంపియన్‌షిప్పు తేల్చిన ఆటలో 50 పాయింట్లు కొట్టాడు.

నాకు అందరికంటే నచ్చింది మాత్రం నికోలా యోకిచ్ కథ. సెర్బియాలో సోంబోర్ అనే చిన్న వూరివాడు. గుర్రాలంటే ప్రాణం. 2014లో డెన్వర్ జట్టు అతన్ని 41వ వాడుగా ఎంచుకున్న క్షణంలో అమెరికా టీవీలో తిండి కంపెనీ ప్రకటన వస్తోంది. అంత ముఖ్యమైన వార్త అన్నమాట! వెంటనే తీసుకురాలేదు. ఇంకో ఏడాది అక్కడే ఆడనిచ్చారు. ఆ ఏడాది అతను అడ్రియాటిక్ లీగులో ఉత్తముడయ్యాడు. 2015లో వచ్చాడు. చిక్కేమిటంటే అదే 2014 డ్రాఫ్టులో 16వ వాడుగా ఎంపికైన బోస్నియా కుర్రాడు యూసుఫ్ నూర్కిచ్ కూడా ఆ జట్టులోనే వున్నాడు. ఇద్దరిదీ ఒకే స్థానం. ఇద్దర్నీ కలిపి ఆడించి చూశారు, పొసగలేదు. 2016 డిసెంబరులో ఆ స్థానం యోకిచ్‌కిచ్చారు, 2017 ఫిబ్రవరిలో నూర్కిచ్‌ని పోర్ట్‌లాండ్‌కి పంపేశారు. దగ్గరదగ్గరగా పడ్డ రెండు మొక్కల్లో ఒకదాన్ని వేళ్ళతో సహా తీసి వేరే చోట నాటినట్టు. ఆ తీసిన మొక్కా బతికింది, పోర్ట్‌లాండ్‌లో బాగా ఆడింది. వున్నది మాత్రం 2021, 2022, 2024లలో లీగ్ అత్యుత్తమ ఆటగాడైంది, 2023లో డెన్వర్‌కి ఛాంపియన్‌షిప్పు తెచ్చింది. మా నాన్నయితే ఇలాంటి చోట రెండూ వుంచుదామంటాడు. మనసొప్పదు. రెండూ గిడసబారతాయి.

నర్సరీ వాళ్ళకి ఇంకో పద్ధతి వుంది. కడియం వెళితే చూడవచ్చు. లేత మొక్కని నేరుగా ఎండలో పెట్టరు, ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద వుంచి కొద్దికొద్దిగా ఎండకి అలవాటు చేస్తారు. ఎన్.బి.ఏ. వాళ్ళూ 2001లో ఎనిమిది జట్లతో అలాంటి చిన్న లీగు పెట్టారు. ఇప్పుడు దాన్ని జి లీగ్ అంటారు. బెంచీ మీద కూర్చునేవాణ్ణి అక్కడికి పంపి ఆడిస్తారు. ఇది కూడా అందరికీ పనిచేయదు. 2014లో 18 ఏళ్ళ బ్రెజిల్ కుర్రాడు బ్రూనో కబోక్లోని టొరాంటో 20వ వాడుగా తీసుకుంటే, టీవీలో వ్యాఖ్యాత ఒకాయన "ఇతను రెండేళ్ళ తరవాత, ఇంకో రెండేళ్ళలో తయారవుతాడు" అన్న అర్థంలో హాస్యమాడాడు. టొరాంటోలో నిలబడలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే కబోక్లో అమెరికా జట్టు మీద 30 పాయింట్లు కొట్టాడు. పదేళ్ళు! ఎవరి లెక్కకీ అందని కాపు.

మన దేశం పేరు ఈ పట్టికలో ఒక్కసారి వచ్చింది. 2015లో 52వ వాడుగా డల్లాస్ ఎంచుకున్న సత్నామ్ సింగ్. పంజాబులో బర్నాలా దగ్గర బల్లో కే అనే పల్లె. రైతు కుటుంబం. ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. లుధియానా అకాడమీలో ఆట నేర్చుకుని, 2010లో, 14 ఏళ్ళ వయసులో, స్కాలర్‌షిప్పు మీద అమెరికాలో ఫ్లోరిడా వెళ్ళాడు. ఇంగ్లీషు రాదు, తిండి కొత్త. ఐదేళ్ళకి అతని పేరు పిలిచారు. భారతదేశంలో పుట్టినవాళ్ళలో డ్రాఫ్టులో ఎంపికైన మొదటివాడు. దేశమంతా పండగ చేసుకుంది. తరవాత డల్లాస్ వారి చిన్న జట్టు టెక్సాస్ లెజెండ్స్‌లో రెండు సీజన్లు అరకొరగా ఆడాడు. అసలు ఎన్.బి.ఏ. కోర్టులో ఒక్క ఆట ఆడలేదు. 2021లో అమెరికాలోనే కుస్తీ ప్రదర్శనల సంస్థలో చేరాడు. రెండో విడత ఎంపికలో జీతానికి హామీ వుండదు, జట్టుకు తొందరా వుండదు. జినోబిలిని బొలోనా పెంచింది, యోకిచ్‌ని బెల్‌గ్రేడ్ క్లబ్బు పెంచింది. సత్నామ్‌కి ఇక్కడ వారం వారం గట్టి ఆటలాడించే లీగు ఏది? పెంచడానికి మన దగ్గర పరాయి చేనూ లేదు, సొంత చేనూ లేదు. ఒక్క పేరు పిలవగానే పూత చూసి కాపనుకున్నాం.

ఇది రాస్తుంటే మా పెదనాన్న కొడుకు కళ్ళముందు మెదులుతున్నాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. పదమూడో ఏటికే ఐదడుగుల పదకొండంగుళాలు వుండేవాడు. ఎత్తు కొలిచి, ఒక క్రీడా హాస్టలుకి ఎంపిక చేసి తీసుకెళ్ళారు. ఊళ్ళో కొబ్బరికాయ కొట్టి పంపించాం. అక్కడివాళ్ళకి టోర్నమెంటులో కప్పు కావాలి, కప్పు కావాలంటే పెద్ద కుర్రాళ్ళు ఆడాలి. అన్నయ్య మూడేళ్ళు సిమెంటు కోర్టు మీద పొద్దున్నే దూకుళ్ళు దూకాడు, సాయంత్రం పెద్దవాళ్ళకి బంతులందించాడు. పోటీ ఆటల్లో మొత్తం కలిపి గంట కూడా ఆడి వుండడని తనే అంటాడు. పదహారో ఏట మోకాలు నొప్పితో ఇంటికొచ్చేశాడు. "అంత పొడుగుండి ఏం లాభం" అన్నారు ఊళ్ళో వాళ్ళు. ఆ హాస్టలు ఎండ ఇవ్వలేదని ఒక్కరూ అనలేదు. ఇప్పుడు పెదనాన్నతో కలిసి తోట చేస్తున్నాడు. చిక్కం కర్ర లేకుండానే కింది కొమ్మల కాయలన్నీ కోసేస్తాడు. ఆ మాట వాడి ముందు నవ్వుతూ అంటాం, వాడూ నవ్వుతాడు. ఎంత నవ్వుతాడో నాకు తెలుసు.

మన కాలేజీ సంగతి కూడా ఒక ముక్క రాసి తీరతాను. మన పి.డి. గారు ఈ సావనీరు తప్పక చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఏడాదికి ఒక్క అంతర కళాశాల పోటీ, దానికి ఫైనలియరు వాళ్ళు ఐదుగురు ఆడడం, మిగతా మేమంతా చప్పట్లు కొట్టడం. వాళ్ళు జూన్‌లో వెళ్ళిపోతారు, అప్పుడు చూస్తే ఆట తెలిసినవాడుండడు. శనివారాలు ఫస్టియరు, సెకండియరు వాళ్ళకే ఒక చిన్న లీగు పెడితే ఖర్చు రెండు బంతులు, ఒక ఈల. ఈల నేను కొనిస్తాను. నేను కూడా ఈ జూన్‌కి వెళ్ళిపోయేవాణ్ణే గనక ఇందులో నా స్వార్థం లేదు.

2023-24 సీజన్ మొదలైననాడు ఎన్.బి.ఏ. జట్లలో 40 దేశాలకు చెందిన 125 మంది విదేశీయులున్నారు. 2019 నుంచి 2025 దాకా ఏడేళ్ళూ లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి గ్రీసు, సెర్బియా, కామెరూన్, కెనడా వాళ్ళే పంచుకున్నారు. ఈ లెక్కలు నేను సంక్రాంతి సెలవుల్లో అన్నయ్యకి చెప్పాను. పెద్దగా ఉత్సాహపడలేదు. అప్పుడు డార్కో మిలిచిచ్ సంగతి చెప్పాను. ఆట మానేశాక అతను సెర్బియా వెళ్ళి ఆపిల్ తోటలు వేశాడు, ఇప్పుడు పెద్ద రైతు. ఫోనులో ఫొటో చూపించాను. వరుసగా ఆపిల్ చెట్లు, వాటి మధ్య వాటికంటే ఎత్తుగా గడ్డం మనిషి. అన్నయ్య ఫోను తీసుకుని వేళ్ళతో ఫొటోని పెద్దది చేసి, మనిషిని వదిలేసి, చెట్ల మొదళ్ళు చూశాడు.

"వరుసకీ వరుసకీ ఎన్నడుగులు వదిలాడంటావ్?" అన్నాడు.

తెలియదు, కనుక్కుని చెబుతానన్నాను.